పనివాడి జబ్బు: యజమానికి తెలియవలసింది ఎంత?



ఈ సంచికకు ఇన్నేళ్లూ పిల్లల చదువుల గురించే రాస్తూ వచ్చాను. ఈసారి వేరే సంగతి రాయవలసి వచ్చింది. అందులో నా తప్పు కూడా ఒకటి ఉంది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

మూడేళ్ల కిందట రంజాన్‌కు ముందు మా బడిలో చదివే ఒక పిల్లవాడి తండ్రి మా ఇంటికి వచ్చాడు. హోటల్లో బిర్యానీ మాస్టర్. మెడ పక్కన గడ్డలు లేచాయి, సాయంత్రమైతే జ్వరం వస్తోంది. ప్రభుత్వ ఆసుపత్రిలో గడ్డలోకి సూది వేసి పరీక్ష చేసి టీబీ అని తేల్చారు, మందులు మొదలుపెట్టారు. మందులు ఉచితమే అయినా అంతకుముందు ప్రైవేటులో తిరిగిన తిరుగుడుకు, స్కానింగులకు అప్పయింది. వైద్య సాయానికి దరఖాస్తు పెట్టుకుంటానన్నాడు. బస్తీలో ఇలాంటి కాగితాల మీద సిఫారసు రాసేది మేమే, బడి మాస్టర్లమే. నేను రాశాను: పేరు, హోటల్ పేరు, టీబీతో బాధపడుతున్నారని, సాయానికి అర్హులని. జబ్బు పేరు పెద్దక్షరాలతో రాశాను, త్వరగా మంజూరవుతుందని.

త్వరగానే అయింది. ఒక సభ్యుడు, మంచి మనసుతోనే, ఆ దరఖాస్తును రిపోర్టులతో సహా ఫొటో తీసి దాతల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. సాయంత్రానికల్లా కావలసిన డబ్బు పోగయింది. ఆ గ్రూపులో అతను పనిచేసే హోటల్ యజమాని కూడా ఉన్నారు. ఆయన కూడా వెయ్యి రూపాయలు పంపారు. మర్నాడు పొద్దున మాస్టర్‌ను పిలిచి, పూర్తిగా తగ్గాక కనబడు, అప్పటిదాకా రావద్దు అన్నారు. హోటళ్లకు ఏడాది మొత్తంలో గిరాకీ ఉండే నెల అది.

వారం తర్వాత అతను మళ్లీ వచ్చాడు. నన్నేమీ అనలేదు. ఒక్క మాట అడిగాడు: "మాస్టర్ సాబ్, కాగితంలో జబ్బు పేరు రాయకపోతే సాయం ఇవ్వరా?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ డాక్టర్లను, ఒక లాయర్ గారిని అడిగి, దొరికింది చదివి తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం. ఇది దాతలైన మీకే ఎందుకు చెప్పాలంటే, మనలో చాలామంది చేతి కింద పనివాళ్లు ఉన్నారు. హోటళ్లు, బట్టల కొట్లు, టైల్స్ షాపులు, గ్యారేజీలు, కర్ర అడితీలు, ప్రైవేటు బడులు నడుపుతున్నవారే మన సొసైటీకి జకాత్, సదఖా ఇస్తున్నారు. దాతగా మీ చేతికి వచ్చిన కాగితం యజమానిగా కూడా మీ కళ్ల పడుతుంది. కళ్లు రెండే కదా, దాత కళ్లు వేరు, సేఠ్ కళ్లు వేరు అని ఉండవు.

ముందు ఆ మాస్టర్ జబ్బు సంగతి. టీబీ అనగానే మనకు దగ్గు, తెమడ, పక్కవాళ్లకు అంటుకోవడం గుర్తుకొస్తాయి. అది ఊపిరితిత్తుల టీబీ. మెడ గడ్డలకు వచ్చేది వేరు, పాతకాలపు వాళ్లు గండమాల అనేవారు. ఊపిరితిత్తుల్లో కూడా జబ్బు ఉంటే తప్ప అది గాలి ద్వారా ఇంకొకరికి అంటుకోదు. ఊపిరితిత్తులది అయినా మామూలు మందులకు లొంగే రకమైతే, సరిగా మందులు వాడితే సుమారు రెండు వారాల్లో అంటించే గుణం బాగా తగ్గిపోతుంది, చికిత్స మాత్రం ఆరు నెలలు సాగుతుంది. ఎప్పుడు పనిలోకి వెళ్లవచ్చో చెప్పవలసింది డాక్టరు. అతని డాక్టరు వెళ్లవచ్చనే చెప్పారట. ఇదేమీ హోటల్ యజమానికి తెలియదు. నాకూ తెలియదు. నేను రాసిన రెండక్షరాలు ఆయన చదివారు, ఆయనకు తెలిసిన అర్థం ఆయన చెప్పుకున్నారు. జబ్బు పేరు తెలిసినంత మాత్రాన జబ్బు తెలిసినట్టు కాదు.

అయితే హోటల్ యజమానికి బాధ్యత లేదా అంటే, ఉంది. తినేవాళ్ల ఆరోగ్యం ఆయన పూచీ. ఆహార భద్రత చట్టం కింద 2011లో వచ్చిన లైసెన్సు నిబంధనల ప్రకారం వంటవాళ్లకు, వడ్డించేవాళ్లకు ఏటా ఒకసారి వైద్య పరీక్ష చేయించాలి, టైఫాయిడ్ జాతి జ్వరాలకు టీకా వేయించాలి. అంటువ్యాధి ఉన్నవారిని ఆహారం ముట్టుకోనివ్వకూడదు. కానీ అక్కడ యజమాని దగ్గర ఉండవలసిన కాగితం ఏమిటో చూడండి. రిజిస్టరైన డాక్టరు పరీక్షించి, ఈ మనిషికి అంటువ్యాధులేవీ లేవు, ఈ పనికి తగినవాడు అని ఇచ్చే సర్టిఫికెట్. రక్తపరీక్ష అంకెలు, ఎక్స్‌రే, పాత జబ్బుల చిట్టా అందులో ఉండవు. తినేవాడికి భద్రత కల్పించడానికి ఆ ఒక్క సర్టిఫికెట్ చాలునని చట్టమే అనుకుంది.

నాకు అర్థమైనంతలో విషయమంతా ఇక్కడే ఉంది. ఈ మనిషి ఈ పని చేయగలడా, ఎప్పటి నుంచి చేయగలడు, అతని కోసం ఏమైనా మార్పు చేయాలా, అతని వల్ల పక్కవారికి ప్రమాదం ఉందా: ఈ నాలుగింటికి జవాబు యజమానికి కావాలి, అడిగే హక్కు కూడా ఉంది. "రెండు నెలలు బరువులు ఎత్తకూడదు" అన్నది యజమానికి అవసరమైన మాట. ఎందుకు ఎత్తకూడదు, ఆపరేషన్ ఎక్కడ జరిగింది, దేనికి జరిగింది అన్నవి ఆ పనివాడి సొంత మాటలు. చెప్పాలనిపిస్తే అతనే చెప్పుకుంటాడు.

ఇదంతా ఒకే చట్టంలో రాసి ఉందా అని లాయర్ గారిని అడిగాను. లేదన్నారు. మన దేశంలో ఇది అతుకుల బొంతలాగా అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్కగా ఉంది. ముఖ్యమైనవి చెబుతాను.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, పుట్టస్వామి కేసులో, వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ కేసు వేసిన పుట్టస్వామి గారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి. 2019 నవంబర్‌లో సమాచార హక్కు చట్టానికి సంబంధించిన తీర్పులో సుప్రీంకోర్టు ఇంకాస్త వివరంగా చెప్పింది: ఒక మనిషి వైద్య రికార్డులు, చికిత్స, వాడే మందులు, చూపించుకునే ఆసుపత్రులు, డాక్టర్లు, ఇవన్నీ వ్యక్తిగత సమాచారమే అని. అయితే ప్రాథమిక హక్కు మొదట నిలబడేది ప్రభుత్వం ఎదుట. వీధిలోని కొట్టు యజమాని మీద దాన్ని నేరుగా ప్రయోగించడం అంత తేలిక కాదు.

డాక్టరు మీద ఉన్న కట్టు మాత్రం గట్టిది. 2002 నాటి వైద్య వృత్తి నియమాల ప్రకారం రోగి గుట్టు డాక్టరు బయటపెట్టకూడదు. మూడు సందర్భాలకే మినహాయింపు: కోర్టు ఆజ్ఞ, ఫలానా వ్యక్తికో సమాజానికో తీవ్రమైన ముప్పు స్పష్టంగా ఉండటం, ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయవలసిన జబ్బు. ఈ మూడోదాన్ని మనవాళ్లు తరచుగా తప్పుగా అర్థం చేసుకుంటారు. టీబీ 2012 నుంచి అలా తెలియజేయవలసిన జబ్బే. కానీ తెలియజేయవలసింది ప్రభుత్వ ఆరోగ్య శాఖకు, మందులు సరిగా అందుతున్నాయా, ఇంట్లోవాళ్లకు పరీక్షలు జరిగాయా అని చూడటానికి. సేఠ్‌కు కాదు, మసీదు కమిటీకి కాదు, బడి మాస్టరుకు అసలే కాదు. కాబట్టి "మీ డాక్టరు నంబరు ఇవ్వు, నేను మాట్లాడతాను" అని పనివాడిని అడగడం ఎంత ప్రేమతో అడిగినా మంచిది కాదు. కాదనలేక నంబరు ఇస్తాడు. అటు డాక్టరు ఇరకాటంలో పడతాడు.

ఆడవాళ్ల విషయంలో ఒక పాత కేసు ఉంది, మన ప్రైవేటు బడుల యాజమాన్యాలు తప్పక తెలుసుకోవాలి. నీరా మాథుర్ అనే ఆమెకు 1989 సెప్టెంబర్‌లో ఎల్ఐసీలో ఉద్యోగం వచ్చింది. చేరేటప్పుడు వైద్య పరీక్ష అయింది, ఒక ఫారం నింపించారు. ఆమె ప్రసూతి సెలవు పెట్టారు, 1990 జనవరిలో కాన్పు అయింది. ఫిబ్రవరిలో ఉద్యోగం తీసేశారు. కోర్టులో సంస్థ చెప్పిన కారణం ఏమిటంటే, చేరేనాటి ఫారంలో ఆమె తన నెలసరి తేదీ సరిగా రాయలేదని! సుప్రీంకోర్టు ఆ ఫారం తెప్పించి చూసింది. నెలసరి క్రమంగా వస్తుందా, చివరిసారి ఎప్పుడు వచ్చింది, ఎన్నిసార్లు గర్భం నిలిచింది, గర్భస్రావాలు ఎన్ని అని గడులు. ఒక స్త్రీ సిగ్గునూ ఆత్మగౌరవాన్నీ గాయపరిచే ప్రశ్నలివి, తీసేయండి అని 1991లో కోర్టు ఆదేశించింది, ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది.

ఈ కేసు వయసు ముప్పై ఏళ్లు దాటింది. మొన్న మొన్నటి వరకూ టీచర్ల ఇంటర్వ్యూల్లో "పెళ్లయిందా, ఏమైనా విశేషమా" అని అడగడం నేను చెవులారా విన్నాను. నవ్వుతూనే అడుగుతారు. అవతలామె నవ్వుతూనే అబద్ధం చెప్పవలసి వస్తుంది.

బొంబాయి హైకోర్టులో 1997లో వచ్చిన తీర్పు ఇంకొకటి. ఒక ప్రభుత్వ రంగ సంస్థలో రోజుకూలీగా పనిచేస్తున్న మనిషికి వైద్య పరీక్షలో హెచ్ఐవీ ఉందని తేలింది, మిగతా అన్నిటికీ ఆరోగ్యంగా ఉన్నా పని ఇవ్వలేదు. పని చేయగల స్థితిలో ఉన్నవాడిని, పక్కవారికి ముప్పు లేనప్పుడు, ఆ ఒక్క కారణంతో తీసివేయడం చెల్లదంది కోర్టు. ఆ కేసు పేరు ఎం.ఎక్స్. వర్సెస్ జెడ్.వై. పేరు బయటపడకుండా పోరాడటానికి కోర్టు అతనికి అనుమతి ఇచ్చింది. న్యాయం కోసం వెళ్లినవాడు ఆ న్యాయం వల్లే ఊరంతా తెలిసిపోయి నష్టపోకూడదని.

హెచ్ఐవీ విషయంలో తర్వాత స్పష్టమైన చట్టమే వచ్చింది. 2017లో చేసిన ఆ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగం ఇవ్వడానికి హెచ్ఐవీ పరీక్ష షరతుగా పెట్టకూడదు. తన స్థితిని వెల్లడించమని ఎవరినీ బలవంతం చేయకూడదు. ఆ కారణంగా పని నుంచి తీసేయకూడదు. పనికి తగడనో, పక్కవారికి నిజంగా గణనీయమైన ముప్పు ఉందనో అనుకుంటే, అర్హుడైన డాక్టరు స్వతంత్రంగా రాసి ఇచ్చిన నిర్ధారణ ఉండాలి, దాని ప్రతి ఆ మనిషికి ఇవ్వాలి, అతనికి వీలైన మార్పు ఎందుకు చేయలేకపోతున్నారో యజమాని చెప్పగలగాలి. వందమంది లేదా అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదులు వినడానికి ఒక అధికారిని పెట్టాలి. మానసిక చికిత్స తీసుకుంటున్నవారి గోప్యతకు కూడా 2017లోనే వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఒక సెక్షన్ ఉంది. నిద్రమాత్రల చీటీ దొరికితే "వాడికి పిచ్చి" అని ప్రచారం చేసే మన అలవాటు చూస్తే ఆ సెక్షన్ ఎందుకు పెట్టారో అర్థమవుతుంది.

ఇక కొత్తవి. ప్రజల డిజిటల్ సమాచారాన్ని కాపాడే చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. సమాచారాన్ని కాపాడటంలో విఫలమైన సంస్థకు 250 కోట్ల రూపాయల వరకూ జరిమానా వేయవచ్చు. అంత జరిమానా చిన్న కొట్లకు పడుతుందని కాదు, చట్టం దీన్ని ఎంత పెద్ద విషయంగా చూస్తోందో తెలియడానికి చెప్పాను. కాగితం మీద ఉన్నంతవరకూ ఆ చట్టం పట్టించుకోదు. ఫోన్‌తో ఫొటో తీసిన క్షణాన అది డిజిటల్ సమాచారం అవుతుంది.

ఆ చట్టంలో ఒక లోపం ఉంది, దాచకుండా చెప్పాలి. 2011 నాటి ఐటీ నియమాల్లో ఆరోగ్య స్థితిని, వైద్య రికార్డులను సున్నితమైన సమాచారంగా విడదీసి, కంపెనీలు వాటిని సేకరించాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి ఉండాలన్నారు. 2023 చట్టంలో ఆ విడదీత లేదు. పైగా ఉద్యోగ అవసరాల కోసం కొన్ని సందర్భాల్లో అనుమతి లేకుండానే ఉద్యోగి సమాచారాన్ని వాడుకునే వెసులుబాటు యజమానికి ఇచ్చారు. ఆ వెసులుబాటు ఎంతవరకు సాగుతుందో కోర్టులు తేల్చేలోగా యజమాని తనంతట తానే గీత గీసుకోవాలి.

గీత గీసుకోవలసిన సందర్భం దగ్గర్లోనే ఉంది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించాలని కేంద్ర కార్మిక శాఖ చెబుతోంది. మంచి సంగతే, మన పనివాళ్లలో సగంమందికి తమకు షుగరు ఉన్న సంగతి కాలికి పుండు పడితే గానీ తెలియదు. కానీ క్యాంపు పెట్టించినప్పుడు ల్యాబువాళ్లు ఏం చేస్తారో మీరు చూసే ఉంటారు. అందరి పేర్లు, వయసు, షుగరు, బీపీ, కామెర్ల పరీక్ష ఫలితాలతో ఒకే జాబితా తయారుచేసి, డబ్బు కట్టింది ఆయనే కదా అని యజమాని చేతిలో పెడతారు. డబ్బు కట్టడానికి ఒప్పుకునే రోజునే ల్యాబువాళ్లకు ఒక మాట చెబితే సరిపోతుంది: ఎవరి రిపోర్టు వారి చేతికి కవర్లో ఇవ్వండి, నాకు పరీక్ష జరిగినవారి పేర్లు, పనికి తగును లేదా డాక్టరును కలవాలి అన్న మాట, అంతవరకే ఇవ్వండి అని.

అన్నిటినీ దాచిపెట్టమనడం కూడా నా ఉద్దేశం కాదు. మూర్ఛలు వచ్చే మనిషి లారీ నడపకూడదు, ఎత్తైన సారువ మీద నిలబడి రంగులు వేయకూడదు. ఆ సంగతి తెలిసీ నోరు మూసుకుంటే ప్రాణాలు పోతాయి. అక్కడ కూడా డాక్టరు "డ్రైవింగుకు తగడు" అని రాస్తే యజమాని చేయవలసింది ఇంకో పని చూపించడం. కార్ఖానాల్లో పని వల్లే వచ్చే జబ్బులు మరో రకం. రాయి పొడి పీల్చి వచ్చే సిలికోసిస్ వంటివి చట్టంలో జాబితాగా రాసి ఉన్నాయి. వాటిని చూసిన డాక్టరు, యాజమాన్యం అధికారులకు తెలియజేసి తీరాలి. అక్కడ దాచడం పనివాడికే నష్టం, పరిహారం రాకుండా పోతుంది. గుట్టు పనివాడిని కాపాడటానికి ఉంది కానీ పని పెట్టినవాడిని కాపాడటానికి కాదు.

గల్ఫ్ మాట కూడా అడుగుతారు. కడప, రాయచోటి నుంచీ, నిజామాబాద్, జగిత్యాల నుంచీ వెళ్లేవారికి అక్కడి దేశాల నిబంధనల ప్రకారం వైద్య పరీక్ష తప్పదు, టీబీ, హెచ్ఐవీ, కామెర్ల పరీక్షలు అందులో ఉంటాయి, తేడా వస్తే వీసా రాదు. మన దేశపు చట్టం అక్కడ నడవదు. అన్‌ఫిట్ అయి ఆగిపోయిన కుర్రవాడిని "ఎందుకు ఆగిపోయావు" అని వీధి వీధంతా అడగకుండా ఉండటం మాత్రం మన చేతిలో ఉంది.

ఇప్పుడు దాతల మాట. ఈ విషయం కమిటీలో ఎత్తినప్పుడు ఒక పెద్దాయన నన్ను సూటిగా అడిగారు: "మాస్టర్ సాబ్, డబ్బు ఇచ్చేవాడికి దేనికిస్తున్నాడో తెలియవద్దా? దొంగ కాగితాలు పెట్టేవాళ్లు లేరా?" న్యాయమైన ప్రశ్నే. ఉన్నారు. జకాత్ సొమ్ము అర్హులకే చేరాలి, చూసుకోవలసిన బాధ్యత కమిటీది. అయితే ఒక దరఖాస్తు నిజమో కాదో తేల్చడానికి ఎంతమంది చూడాలి? ఒక డాక్టరు, కమిటీలో ఒకరు లేదా ఇద్దరు చాలు. గ్రూపులో ఉన్న రెండు వందలమంది ఎక్స్‌రే చూసి తేల్చేదేమీ లేదు. వారు చూసేది పేరు, ఫొటో, వీధి.

ఇంకొకాయన, "నాకు తెలిస్తే నేను మంచే చేసేవాడిని కదా, నా దగ్గర దాచడమెందుకు" అన్నారు. ఆయన నిజంగానే మంచి చేసేవారు. కానీ పనివాడికి ఆ సంగతి ముందుగా ఎలా తెలుస్తుంది? అతనికి ఉన్నది ఒక్క ఉద్యోగం, పరీక్షించి చూసే అవకాశం లేదు. చెప్పాలా వద్దా అన్నది అతని చేతిలో ఉంచితే, మంచి యజమాని దగ్గర అతనే నోరు విప్పుతాడు.

దీన్‌లో ఈ మాటలు మనకు కొత్తవి కావు. అమానత్ అంటే డబ్బు మూట ఒక్కటే కాదు, నమ్మి చెప్పిన మాట కూడా అమానతే అని ఉలమాలు చెబుతూనే ఉంటారు. సూరా హుజురాత్ 12వ ఆయతులో ఒకరి గుట్టు ఆరా తీయడాన్నీ, గీబత్‌నూ ఒకే చోట నిషేధించారు. గీబత్ గురించి చాలామంది పొరబడేది ఒకటుంది. "నేను అబద్ధం చెప్పలేదు, వాడికి నిజంగానే ఆ జబ్బు ఉంది" అంటారు. ఉన్నది వెనకాల చెప్పుకోవడమే గీబత్, లేనిది చెబితే అది బుహ్తాన్, అపనింద. ఇక దానం చాటుగా ఇవ్వడం మేలని సూరా బఖరా 271వ ఆయతు చెబుతుంది. ఇచ్చేవాడి పేరు చాటుగా ఉండాలని మనం ఆ ఆయతును అర్థం చేసుకుంటాం. పుచ్చుకునేవాడి పేరు సంగతి ఆలోచించం.

నా వృత్తిలోని వారికి కూడా ఒక మాట. మా ఉద్యోగుల మెడికల్ సెలవు సర్టిఫికెట్‌లో జబ్బు పేరుకు ఒక ఖాళీ ఉంటుంది. ఎంతోమంది ఆ ఖాళీలో కామెర్లని, టైఫాయిడ్ అని రాయించి తెచ్చుకోవడం నా సర్వీసులో చూశాను. అసలు జబ్బు వేరే ఉంటుంది, స్టాఫ్‌రూములో తెలియకూడదని. ఆ ఖాళీ ఉన్నన్నాళ్లూ మంచి మనుషుల చేత అబద్ధం రాయిస్తూనే ఉంటుంది. హెడ్‌మాస్టర్లుగా ఉన్నవారు కనీసం ఆ కాగితాన్ని అందరూ చేయి పెట్టే బీరువాలో పడేయకుండా చూడగలరు.

నిరుడు కమిటీ వైద్య సాయం దరఖాస్తును మార్చింది. మొదటి పేజీలో వరుస నంబరు, కుటుంబ వివరాలు, ఆదాయం, కావలసిన మొత్తం ఉంటాయి. జబ్బుకు సంబంధించినదంతా రెండో కాగితం, అంటించిన కవర్లో. అది మన సొసైటీకి సాయపడే డాక్టరు గారు విప్పి చూసి, "చికిత్స నిజం, అడిగిన మొత్తం సబబు" అని మొదటి పేజీ మీద ఒక వాక్యం రాసి, మళ్లీ అంటించి ఇస్తారు. పని చేసే చోటు పేరు అడిగే గడి తీసేశాం. గ్రూపులో పెట్టేది నంబరు, మొత్తం, ఊరు మాత్రమే. సాయం అందాక కవరు దరఖాస్తుదారుకు తిరిగి ఇచ్చేస్తారు. మొదటి రెండు నెలలు విరాళాలు తగ్గుతాయేమోనని భయపడ్డాం, ఒకరిద్దరు ఫోన్ చేసి ఎవరో చెప్పమని అడిగారు కూడా. నంబరు చెప్పాం. ఇచ్చారు.

ఆ బిర్యానీ మాస్టర్ ఆరు నెలల మందులు పూర్తి చేశాడు. ఇప్పుడు పక్క ఊళ్లో ఒక ఫంక్షన్ హాలులో వంట చేస్తున్నాడు. మొన్న పిల్లవాడి టీసీ కోసం వచ్చినప్పుడు కొత్త ఫారం చూపించాను. రెండు వైపులా తిప్పి చూశాడు. సిఫారసు రాసే చోట ఇప్పటికీ నా సంతకమేనా అని అడిగి, "కవర్‌కు జిగురు సరిగా అంటడం లేదు మాస్టర్ సాబ్, పిన్ను కొట్టించండి" అన్నాడు. ఈ ఏడాది కవర్లకు పిన్ను కూడా కొడుతున్నాం.